కుట్టినారు

చంద్రగిరి బజారులో పొద్దున ఎనిమిదికల్లా ధరణి కుట్టుమిషను చప్పుడు వినబడాల్సిందే. పూలచొక్కా, తెల్లలుంగీ, మెడలో టేపు, ఒక చెవి మీద సుద్దముక్క, రెండో చెవి మీద రెండు మల్లెలు. "నువ్వు ఆడా మగా?" అని కొత్తవాళ్లు అడిగితే కత్తెర ఆగకుండానే జవాబు వచ్చేది: "రెండూ కాదు, ధరణిని. చెయ్యి చాపండి, కొలత తియ్యాల." ఊరికి మాత్రం ఒకటే ఇబ్బంది. ధరణి "వచ్చినాడు" అనాలో, "వచ్చింది" అనాలో తెలియక అందరూ మాట నమిలేవారు.

ఆ ఏడు దర్జీల సంఘం పోటీలో మొదటి బహుమతి ధరణి రవికెకే వచ్చింది. మైకు ముందు కార్యదర్శి హరినాథ్ "ఈ రవికెను ధరణి కుట్టినా..." అని ఆగిపోయాడు. జనం కిసుక్కున నవ్వారు. నలభై ఏళ్లుగా రవికెలు కుడుతున్న సిద్ధమ్మ ముందు వరసలోంచి లేచింది.

"దానికింత ఆలోచన దేనికప్పా? నాకన్నా చెయ్యి తిరిగిన మనిషి. మర్యాదగా కుట్టినారు అను, సరిపోతాది."

"ధరణి గారు కుట్టినారు," అన్నాడు హరినాథ్. చప్పట్లు మోగాయి. ధరణి మల్లెలు సవరించుకుని, తలెత్తుకుని వేదికెక్కారు. మైకు దగ్గరికి లాక్కుని, "అవును, నేనే కుట్టినాను," అన్నారు. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ధరణి నోట మాట ఏనాడూ తడబడలేదు.