గ్లాసులమ్మ కాచని రసం

చర్చిలో ఆమెను అందరూ గ్లాసులమ్మ అంటారు. ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల కోసం పెట్టే బొటనవేలంత గ్లాసుల్ని ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి పట్టి చూస్తుంది. మరక కనబడితే మళ్లీ కడుగుతుంది. గ్లాసుల్ని ఆమె కడిగితే, మనుషుల్ని సంఘపెద్ద కడిగి పారేస్తాడు. ద్రాక్షరసం తీసేదీ ఆమే. పులిస్తే సారాతో సమానమని పెద్దల హుకుం కాబట్టి, పిండిన వెంటనే కాచి వడగడుతుంది. ఈ వారం కాచలేదు. ఆరు నెలలుగా మందు ముట్టని ఆమె తమ్ముణ్ణి నలుగురిలో నిలబెట్టి, "తాగుబోతుకి బల్ల లేదు" అన్నాడు సంఘపెద్ద. ఆ మంటలో ఆమెకి ఒళ్లు తెలియలేదు. మూడు రోజులు గిన్నెలోనే ఉండిపోయిన రసాన్ని ఆదివారం పొద్దున విసవిసా గ్లాసుల్లో పోసేసింది.

సంఘపెద్ద గుటుక్కున మింగి పెదవులు చప్పరించాడు. "ఈసారి భలే కుదిరిందమ్మా!" అంటూ రెండో గ్లాసు అందుకున్నాడు. గ్లాసుల పళ్లెం తమ్ముడు కూర్చున్న వెనక బెంచీ దాకా వచ్చేసరికి అతని ముక్కుపుటాలు అదిరాయి. ముక్కు మూసుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు.

"చూశారా? ఆగలేక తాగడానికే పోతున్నాడు" అన్నాడు సంఘపెద్ద.

అప్పుడు గానీ గ్లాసులమ్మ తన గ్లాసు వాసన చూసుకోలేదు. చూసి, లేచి, దాన్ని తీసుకెళ్లి ఆయన ముక్కు కింద పెట్టింది.

"పులిసిందయ్యా. ఇవాళ ఈ చర్చిలో తాగనివాడు వాడొక్కడే."