పొటాషియం చూపించుకున్నవా?

మొన్న గురువారం పొద్దున ఎంకపల్లిలో మా మేనత్త కన్నుమూసింది. న్యుమోనియా వారం రోజుల్లో తీసుకెళ్లిపోయింది. వయసు అరవై దాటింది. ఆమె గురించి ఏడుస్తూ రాయాలని కూర్చుంటే నవ్వొస్తోంది. తప్పు నాది కాదు, ఆమెదే.

అత్తవాళ్లది కూరగాయల సాగు. మడిలో దిగితే చేతులూ ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. అలాంటి మనిషికి నలభై దాటగానే బీపీ వచ్చింది. ఒక మాత్ర రెండైంది, రెండు నాలుగయ్యాయి, బీపీ మాత్రం దిగలేదు. పన్నెండేళ్ల కిందట ఒకరోజు క్యారెట్లు పీకుతూ కూర్చున్న మనిషి ఇక లేవలేకపోయింది. మామ ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. చూడవచ్చినవాళ్లంతా పక్షవాతమే అన్నారు.

చేవెళ్ల దవాఖానలో రక్తం పరీక్షిస్తే పొటాషియం బాగా తక్కువ ఉంది. అక్కడి డాక్టరమ్మకు అనుమానం వచ్చి పట్నంలోని పెద్ద దవాఖానకు రాసింది. తోడుగా నేను వెళ్లాను. ఎడమ మూత్రపిండం మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో రేగుపండంత గడ్డ ఉందన్నారు. క్యాన్సర్ కాదు. కానీ అది ఒక హార్మోన్‌ను అదేపనిగా వదులుతోంది, దానివల్ల ఒంట్లో ఉప్పు నిలిచిపోయి బీపీ పెరుగుతోంది, పొటాషియం బయటికి పోయి కాళ్లు చచ్చుబడ్డాయి. ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని తీసేశారు. గడ్డ ముక్కను జన్యు పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు, "జన్యువులో మార్పు కనిపించింది" అనగానే అత్త ముఖం పాలిపోయింది. ఆపరేషన్‌కు భయపడని మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సారూ, నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు. ఆళ్లకు గూడ నేనే అంటించిన్నా?"

"లేదమ్మా. రక్తం కూడా చూశాం, అందులో లేదు. ఆ మార్పు గడ్డలోనే పుట్టింది, గడ్డతోనే పోయింది. పిల్లలకు రాదు. ఇలాంటి మార్పు ఉన్నవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, ఆపరేషన్ తర్వాత బీపీ బాగా దిగడం మేం ఎక్కువగా చూస్తున్నాం."

అత్త నా చెయ్యి వదిలేసింది. "అయితె నాది నాతోనే ఖతమ్!" అని పకపకా నవ్వింది. బయట కూర్చున్నవాళ్లంతా లోపలికి తొంగిచూశారు.

మూడు నెలల్లో నాలుగు మాత్రలూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. శంకర్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయనకూ అదే వారం అదే ఆపరేషన్ జరిగింది. ఆయన గడ్డలో ఆ మార్పు లేదు, బీపీ కూడా చాలా ఏళ్ల నాటిది. ఒక మాత్ర మిగిలిపోయింది. పరీక్షకు వచ్చినప్పుడు ఆయన దిగులుగా కూర్చుంటే అత్త ఊరుకోలేదు.

"ఫికర్ ఎందుకే అన్నా? నాలుగు మింగెటోనివి ఒక్కటికొచ్చినవ్. ఆ ఒక్కటి తనకు తోడెవ్వరు లేరనుకుంటదేమో, పొద్దుగాల జర పలకరించి మింగు!"

ఆయనకూ నవ్వక తప్పలేదు.

ఆ తర్వాత అత్త బీపీ మెషిన్ కొనుక్కుంది. పెళ్లిలో, బస్సులో, ఎవరికైనా చిన్న వయసులోనే బీపీ ఉందని తెలిస్తే చాలు, "పొటాషియం చూపించుకున్నవా?" అని అడిగేది. మేం సిగ్గుతో తల దించుకునేవాళ్లం. గండిపేటలో మా పక్క ఫ్లాట్ అమ్మాయినీ అలాగే పట్టుకుంది. కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముప్పై ఏళ్లకే మూడు మాత్రలు. మొదట నవ్వేసింది. తర్వాత ఎందుకో పరీక్ష చేయించుకుంది. అలాంటి గడ్డే బయటపడింది. తీయించుకుని ఇప్పుడు హాయిగా ఉంది.

అంత్యక్రియలకు ఆ అమ్మాయి వచ్చింది. "అత్తయ్యగారు అడక్కపోతే నేనింకా మాత్రలు మింగుతూనే ఉండేదాన్నండి" అంది మామతో. మామ ఆమె తల నిమిరాడు. "నన్ను గూడ రోజు అడుగుతుండె బిడ్డా. నాకు బీపీయే లేదు" అన్నాడు. ఏడుస్తున్నవాళ్లంతా ఒక్కసారి నవ్వేశారు.

నేను ఆమెను ప్రాణాలతో చివరిసారి చూసింది పోయిన నెల. సెలవు తీసుకుని కారు కదిలించాను. "ఆగు బిడ్డా, ఆగు!" అంటూ వెనకాల పరుగెత్తుకొచ్చింది. కిటికీలోంచి కొత్తిమీర కట్టలు నా ఒళ్లోకి విసిరేసింది. మట్టి అంతా చొక్కా మీద పడింది. మలుపు దగ్గర అద్దంలో చూస్తే, తెగిన చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని, రోడ్డు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి, ఇంకా నవ్వుతూనే ఉంది.