అత్తయ్య ఇచ్చిన ఒక్క బంతి

నా చిన్నప్పుడు మా కంకిపాడు వైపు హైస్కూళ్లలో ఆడపిల్లల ఆటంటే బాల్ బ్యాడ్మింటనే. పసుపురంగు ఊలు బంతితో ఆరుబయట ఆడేవాళ్లం. కాస్త గాలి వీచినా ఆ బంతి మన మాట వినదు. ఆ ఏడు మా స్కూలు జట్టులో ఒక్క స్థానం ఖాళీ అయింది. అది నాకు రాకపోతే బ్యాటు అటకెక్కాల్సిందేనని, ఇక చదువు తప్ప మరో ఊసు ఉండకూడదని నాన్న తేల్చేశారు. ఆ స్థానం మీద కన్నేసింది నేనొక్కదాన్నే కాదు, మా మేనత్త కూతురు కూడా. నాకంటే ఏడాది పెద్దది, వదినా అని పిలిచేదాన్ని.

మా ఇద్దరికీ ఆట నేర్పేది అత్తయ్యే. పెళ్లికి ముందు కాలేజీ జట్టులో ఆడిన మనిషి. కన్నకూతురు పోటీలో ఉండగా మేనకోడలికి సరిగ్గా నేర్పుతుందా అని నాకు మొదటిరోజే అనుమానం.

రుజువులు కూడా దొరికాయి. సాయంత్రం దక్షిణం నుంచి పైరగాలి మొదలయ్యేసరికి వదిన గాలిని వీపున పెట్టుకుని నిలబడేది, నేను ఎదురుగాలికి. వదిన దగ్గర బుట్టనిండా బంతులు. ఒకదాని వెంట ఒకటి టపటపా సర్వీసు చేస్తుంటే దారినపోయేవాళ్లు కూడా ఆగి మెచ్చుకునేవారు. నాకు మాత్రం ఒక్కటే బంతి, అదీ ఊలు రేగిపోయిన పాతది. కొట్టాలి, పడ్డచోటికి నడిచి వెళ్లాలి, తెచ్చుకోవాలి. రాగానే అత్తయ్య అడిగేది, “ఎందుకే అక్కడ పడింది?” జవాబు చెప్పేదాకా మళ్లీ కొట్టనిచ్చేది కాదు. వదినని ఆ ప్రశ్న అడగ్గా నేను వినలేదు. కావాలనే నన్ను నడిపించి అలసిపోయేలా చేస్తోందనుకున్నాను. అమ్మతో చెబితే, “నోర్ముయ్, మీ నాన్న వింటే బాగోదు” అంది.

ఆ మోసమేదో నేనే కనిపెడదామని ప్రతి బంతినీ కాపలా కాయడం మొదలుపెట్టాను. ఊలు రేగినవైపు తగిలితే ఎడమకి పోతోందా? గాలి కాస్త తగ్గినప్పుడు కొడితే గీత దాటుతోందా? తప్పు బంతిలో ఉందని, గాలిలో ఉందని వెతుక్కుంటూ వెళితే చాలాసార్లు అది నా మణికట్టు దగ్గరే తేలేది. ఒళ్లు మండేది.

ఎంపిక రోజు డ్రిల్లు మాస్టారు ఇద్దర్నీ రెండు వైపుల నుంచీ సర్వీసు చేయమన్నారు. గాలి వెనకనుంచి వీస్తున్నంతసేపూ వదినదే పైచేయి. వైపు మారాక తన బంతులు వల దగ్గరే కూలబడ్డాయి. ఒకటి పోగానే ఇంకోటి, అదే దెబ్బ, ఇంకాస్త గట్టిగా. నేను ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, గాలి చూసుకుని కొట్టాను. మాస్టారు నా పేరు పిలిచారు. వదిన ఏడుస్తూ వెళ్లిపోయింది.

నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. కన్నకూతుర్ని ఓడించే విద్య నాకెందుకు నేర్పినట్టు? ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి అడిగేశాను.

“మొదట్లో మీ వదినకీ ఒక్క బంతే ఇచ్చానే,” అంది అత్తయ్య. “మర్నాడే పోట్లాడి బుట్ట తెచ్చుకుంది. గాలికెదురు నిలబడవే అంటే, అక్కడ సరిగ్గా పడట్లేదమ్మా అంది. అమ్మ మాట ఎవరికి చెవికెక్కుద్ది? నువ్వేమో నన్ను నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే ప్రతి బంతినీ అంత గుచ్చిగుచ్చి చూశావు.” నవ్వబోయి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. లోపలి గదిలోంచి వదిన ఏడుపు వినిపిస్తూనే ఉంది. గెలిచానన్న సంబరం నాకక్కడే చల్లారిపోయింది.

అరవై దాటాక ఇప్పుడు బెజవాడలో కారు నేర్చుకుంటున్నాను. నేర్పే ఆయన “సూపరండీ మేడమ్” అన్నప్పుడల్లా నాకు అనుమానమే. కారు ఆపి, దిగి, వెనక్కి నడిచి చూస్తాను. పార్కింగు గీతల మధ్య ఉండాల్సిన చక్రం గీత మీదే ఉంటుంది. ఆయన విసుక్కుంటూ గడియారం చూసుకుంటాడు. ఎందుకే అక్కడ పడింది అని నన్ను నేనే అడుగుతాను. జవాబు దొరికేదాకా మళ్లీ కారెక్కను.