సార్ కోటలో డ్రాగన్లు

మా కంప్యూటర్ సార్ చనిపోయారన్న కబురు, నేను ఆయన మెయిల్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు వచ్చింది. మా మెయిల్ ఆటలో వంతు ఆయనది. ఎన్నడూ అంత ఆలస్యం చేయరు. ఆ పొద్దున్నే "సార్, భయమైతుందా?" అని ఒక మెయిల్ కూడా పెట్టాను. మధ్యాహ్నం ఇల్లందు నుంచి అన్న ఫోన్ చేశాడు.

"చెల్లే, యాడున్నవ్? ముందు కూసో. సార్ లేడు. గుండె ఆగిపోయిందట."

ఆ అన్న నా తోడబుట్టినవాడు కాదు. సార్ దగ్గర నాకంటే ముందు కంప్యూటర్ నేర్చుకున్నవాడు. ఇప్పుడు బొగ్గు బాయిలో పని చేస్తాడు. మమ్మల్ని ఇన్నేళ్లు అన్నాచెల్లెళ్లుగా కట్టి ఉంచింది సార్ నడిపించిన ఒక ఆట.

ఏన్కూరు బస్టాండు దగ్గర సార్‌కు ఒక గది, దాని ముందు వరండా ఉండేవి. పగలు జిరాక్సులు, అప్లికేషన్లు. సాయంత్రం కంప్యూటర్ క్లాసు. మా ఊరు అక్కడి నుంచి ఇంకా లోపలికి, అడవి అంచున ఉంటుంది. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. మొదటిరోజు చెప్పులు గడప బయట విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక తలుపు పట్టుకుని నిలబడిపోయాను. సార్ తల ఎత్తి చూశారు. "వచ్చి కూసో బిడ్డా. కుర్చీ నిన్నేం కొరకదు" అన్నారు. మౌస్‌ను నేను తలకిందులుగా పట్టుకుంటే చూడనట్టే ఊరుకున్నారు.

అక్కడి కంప్యూటర్లు ముసలివి. కొత్త ఆటలేవీ వాటి మీద నడిచేవి కావు. ఒక పాత ఆట మాత్రం ఉండేది. నాలుగు రాజ్యాలు, కోటలు, గుర్రపు వీరులు, మంత్రగాళ్లు, డ్రాగన్లు. మనవాళ్లు అడుగుపెట్టని చోటల్లా తెర మీద చీకటి. నలుగురం ఆడేవాళ్లం: సార్, అన్న, నేను, అప్పట్లో నర్సు కోర్సుకు దరఖాస్తు పెట్టడానికి వచ్చి మాతో కలిసిపోయిన ఒక అక్క. కుర్చీ ఒక్కటే. ఒకరు ఆడుతున్నప్పుడు మిగతావాళ్లు వరండాలోకి పోయి, రోడ్డు వైపు తిరిగి నిలబడాలి. ఎవరి రాజ్యం వాళ్లే చూసుకోవాలి కదా. ఆడటం అయ్యాక లేచినవాళ్లు తర్వాతివాళ్లను పిలిచేవాళ్లు: "వచ్చి కూసో."

ఆ వరండాలో సార్ ఇంటావిడ, మేం మేడమ్ అని పిలిచే ఆమె, ఉడకబెట్టిన పల్లికాయలు పెట్టేది. తింటూ బస్సులు చూస్తూ ఉండేవాళ్లం. ఒకసారి అక్క గట్టిగా అరిచింది.

"సార్, చూడుండ్రి! తమ్ముడు ఆటో అద్దంలకెళ్లి మీ తెర చూస్తుండు!"

"నేనేడ చూసిన? క్రాపు సర్దుకుంటున్న" అన్నాడు అన్న.

"సర్దుకో నాయనా. నా డ్రాగన్లు వచ్చినంక తలే ఉండదు, ఇంక క్రాపెక్కడిది" అన్నారు సార్ లోపలి నుంచి.

తర్వాత ఎవరి దారిన వాళ్లం పోయాం. అన్న ఇల్లందుకు, అక్క భద్రాచలం అవతల అడవి ఊళ్లో దవాఖానాకు, నేను ఖమ్మంలో డిగ్రీకి. ఆట అక్కడితో అయిపోయిందనుకున్నాను. సార్ అట్లా అనుకోలేదు. ఒక ఆదివారం ముగ్గురినీ పిలిపించి, ఆడిన ఆటను ఫైలుగా దాచి మెయిల్లో ఎట్లా పంపాలో చూపించారు. నేను ఆడి అక్కకు పంపాలి. అక్క అన్నకు, అన్న సార్‌కు, సార్ మళ్లీ నాకు. "కుర్చీ ఇప్పుడు మెయిల్ల తిరుగుతది, అంతే" అన్నారు. నాకు అప్పటికి మెయిలే లేదు. ఆయనే తెరిపించారు. "ఆట కోసమన్న రోజూ తెరిచి చూస్తవ్. పనికొచ్చే మెయిల్ వచ్చిన్నాడు గది గూడ కనపడ్తది" అన్నారు. అట్లాగే కనపడింది. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగానికి పిలుపు, సార్ నుంచి ఫైలు వచ్చిందేమోనని తెరిచినప్పుడే చూశాను.

ఆయన పెట్టిన నియమాలు రెండే. తాళం పెట్టుకోవద్దు అనేది ఒకటి. ఆటలో ఎవరి రాజ్యానికి వాళ్లు పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. సార్ ఒప్పుకోలేదు. "వరండాల తాళం ఉండెనా? వీపు తిప్పి నిలబడ్డరు. ఇప్పుడు గూడ గట్లనే ఉండుండ్రి." రెండోది, ఎవరి వంతునూ కంప్యూటర్‌కు అప్పగించకూడదు. మనిషి రాకపోతే ఆ రాజ్యాన్ని కంప్యూటరే నడిపే వీలు ఆటలో ఉంది. ఒక వానాకాలం గోదావరి పొంగి అక్క ఉన్న వైపు కరెంటూ సిగ్నలూ పోయాయి. ఆట ఆమె దగ్గరే ఆగిపోయింది. అన్నకు ఓపిక అయిపోయింది. "సార్, అక్క వంతు మిషన్‌కిచ్చెయ్యుండ్రి" అని రాశాడు.

"వరద తీసినంక ఆడ్తది. గోదారితోని పంచాయితీ పెట్టుకుంటమా?" అని సార్ జవాబు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసేవారు ఆయన.

మా అమ్మకు ఈ ఆట గురించి చెప్తే ఆశ్చర్యపోయింది. "ఒక్క ఎత్తు ఏసి అన్ని దినాలు చూసుడేంది బిడ్డా?" అంది. మళ్లీ తనే, "అవ్ తీ, మిరపనారు పోసి కాయకు చూసుడు లేదా" అని నవ్వింది. ఆ మాట సార్‌కు చెప్తే మురిసిపోయారు. మా అమ్మ ఐదో రాజ్యమైతే మేమంతా ఓడిపోతామన్నారు.

సార్ నుంచి వచ్చే ప్రతి మెయిల్లో ఫైలుతో పాటు "వచ్చి కూసో బిడ్డా" అని ఉండేది. దాని కింద ఒక బెదిరింపు. ఆయన కోట నా కోటకు పొరుగునే, నది దాటితే వచ్చేది. "నా డ్రాగన్లు ఆకలి మీద ఉన్నయి. ఈసారికి ఆపిన" అని ఒకసారి. "రెక్కలు ఆరబెట్టుకుంటున్నయి, దగ్గరికి రాకు" అని ఇంకోసారి. ఆ నది దాటడానికి నాకు ఎన్నడూ ధైర్యం చాలలేదు. అక్కా అన్నా కూడా అటు పోలేదు.

సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు ముగ్గురం పక్కపక్కనే నిలబడ్డాం. అన్న డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. కళ్ల అంచుల్లో బొగ్గు, కాటుక పెట్టినట్టు. తర్వాత ఆ వరండాలోనే కూర్చున్నాం. ఆట మాట ఎత్తడానికి అందరికీ జంకుగానే ఉంది. చివరికి అన్నే అన్నాడు.

"ఆఖరి ఫైలు సార్‌కు పంపింది నేనే. ఆయన తెరవలే. ఏం చేద్దాం? మిషన్‌కియ్యాలె, లేకుంటే ఆట బంద్ చెయ్యాలె."

"మిషన్ మాటెత్తకు తమ్ముడూ. సార్ ఉంటే ఊకునేటోడా?" అంది అక్క.

మేడమ్ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "బంద్ చెయ్యకుండ్రి" అంది. "ఆయన కుర్చీల ఎవరన్న ఒక మనిషి కూసోండ్రి. ఈ పిల్ల కూసుంటది. ఆయన పిలిచేది ఈమెనే గదా."

అన్న ఆ ఫైలు నాకు పంపాడు. తెరవడానికి చాలా రోజులు చెయ్యి రాలేదు. తెరిస్తే వరండాలో వీపు తిప్పకుండా లోపలికి తొంగిచూసినట్టే. తెరవకపోతే ఆట ఆయన దగ్గరే చచ్చిపోతుంది. ఒక సాయంత్రం తెరిచాను.

డ్రాగన్లు లేవు. కోటలో పిడికెడు మంది విలుకాళ్లు, నది రేవు దగ్గర ఒక్క గుర్రపు వీరుడు. అంతే. ఇన్నాళ్లూ మేం ముగ్గురం భయపడింది ఈ కోటకా! నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. కంప్యూటర్‌కు అప్పగించి ఉంటే అది ఆ కొద్దిమందినీ బయటికి తోలేది. సార్ రాజ్యం ఆ చుట్టులోనే పోయేది. నేను ఎవరినీ కదపలేదు. వంతు ముగించాను.

ఈ స్మృతి రాయాలనుకున్నాక ఆ గుట్టు నాలో దాచుకోబుద్ధి కాలేదు. తాళం వద్దన్నది ఆయనే కదా. ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. అక్క "దొంగ సార్!" అని నవ్వి ఫోన్ పెట్టేసింది. అన్న మాత్రం తొణకలేదు.

"నాకెర్కనే చెల్లే. నా మంత్రగాని పిట్ట ఎప్పుడో ఆ గోడ మీద వాలి చూసొచ్చింది."

"మరి ఎందుకు కొట్టలేదన్నా?"

"కొడ్తే సార్ ఆటల నుంచి పోతడు గదనే. డ్రాగన్ల ముచ్చట ఇంకెవరు చెప్తరు?"

ఆట సాగుతూనే ఉంది. నది దాటి అటు ఎవరూ పోరు. అక్క అప్పుడప్పుడు "సార్ డ్రాగన్లు అన్నం తింటున్నయా చెల్లే?" అని రాస్తుంది. "మంచిగ తింటున్నయక్కా" అని రాస్తాను.

ఒక్క మెయిల్ మాత్రం ఇక రాదు. సార్ వంతు తర్వాత వంతు నాది. ఆయన వంతు ముగించేది నేనే కాబట్టి, ఫైలు నా దగ్గరే ఉంటుంది. నన్ను పిలిచేవాళ్లుండరు. అందుకని ఆయన వంతు ముగించాక నేను కుర్చీలోంచి లేస్తాను. ఖమ్మంలో నేను కిరాయికుండే గది ముందు చిన్న వరండా ఉంది. అక్కడికి పోయి, అప్పట్లాగే గదికి వీపు తిప్పి, రోడ్డు వైపు చూస్తూ నిలబడతాను. బస్సులు పోతుంటాయి. వెనక తలుపు తెరిచే ఉంటుంది.