చర్చి బయట విప్పిన బూట్లు

మా ఆయన కాలం చేసిన ఏడాది అమెరికాలో, నోవై అనే ఊళ్ళో అమ్మాయి దగ్గరున్నాను. ఓ మధ్యాహ్నం ఏడాది మనవరాలిని ఎత్తుకుని నడకకెళ్ళి మంచులో దారి తప్పాను. చర్చి కనబడితే, దేవుడి ఇల్లే కదా అని బూట్లు బయటే విప్పి లోపలికెళ్ళాను. అక్కడ ఊరందరికీ భోజనాలు పెడుతున్నారు. నా వట్టి కాళ్ళు, ఏడుపు చూసి పోలీసును పిలిచారు. అతను పిల్లకోసం చేతులు చాపాడు. లాక్కుపోతాడని నా పైప్రాణాలు పైనే పోయాయి.

"చంపినా ఇవ్వను నాయనా!" అని అరిచాను.

నా కొంగున కట్టిన చీటీలోని నంబరుకు వాళ్ళు ఫోన్ చేస్తే అమ్మాయి పరుగున వచ్చింది. "బూట్లు విప్పావేంటమ్మా? నిన్నెవరో కొట్టి తరిమేశారనుకున్నారే వీళ్ళు!"

ఇంతలో ఆ చర్చిలో వడ్డించే ముసలావిడ నేలమీద కూర్చుని నా పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. "తప్పు తల్లీ, పెద్దదానివి" అని నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నా వదలక మేజోళ్ళు తొడిగింది.

మా ఆయన పోయాక నా కాళ్ళు చల్లబడ్డాయా అని పట్టి చూసింది ఆవిడే.