కిరాయినామాలో పదమూడో షరతు

కరీంనగర్‌లో మా కాలనీవాళ్లు ఇల్లు కిరాయికి ఇవ్వాలంటే ముందు నన్ను అడుగుతారు. బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను, ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు. పదకొండు నెలలకే రాయించండి, స్టాంపు కాగితం వాళ్ల పేరుతో కొనిపించండి, సాక్షులిద్దరూ మీకు తెలిసినవాళ్లే ఉండాలి, వచ్చీ రాగానే వరసలు కలిపేవాళ్లను అస్సలు నమ్మకండి అని చెబుతాను. చివరిది ఏ కాగితంలోనూ ఉండదు, నా అనుభవం.

నాకు కిరాయిదార్లంటే మంట. దాచుకోవడం ఎందుకు? కింది పోర్షన్‌లో దిగిన ప్రతివాళ్లూ నా కాగితానికి ఒక షరతు కలిపిపోయారు. గోడలకు మేకులు కొట్టరాదు అన్నది ఒక ఇన్సూరెన్సు ఏజెంటు పుణ్యం. ఆయన తన దేవుళ్లందరినీ నా గోడలకే తగిలించాడు. రోకలితో కారం దంచరాదు అన్నది గోదావరిఖని నుంచి వచ్చిన ఒక గని కార్మికుడి భార్య పుణ్యం. ఆమె దంచితే పైన నా మంచం కదిలేది. పన్నెండు షరతులకూ పన్నెండు మొహాలు గుర్తున్నాయి.

పదమూడోది వేరు. ఒకసారి ముందుగదిలో ఒక కిరాయిదారు తండ్రి పోయాడు. చెడ్డ నక్షత్రంలో పోయాడని పంచాంగం చూసి అయ్యగారు చెబితే ఆరు నెలలు ఆ పోర్షన్‌కు తాళం వేశాను. తర్వాత ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు వీధి మొదట్లో పాన్‌డబ్బా దగ్గర సంగతి విని అటు నుంచి అటే పోయారు. మా దిక్కు కిరాయి ఇంట్లో చావంటే ఇల్లుగలవాళ్లకు అంత భయం. ఆసుపత్రిలో పోయిన మనిషిని ఇంట్లోకి రానివ్వక, రోడ్డు మీద టెంటు వేసి పడుకోబెట్టిన సందర్భాలు నేను చూశాను. సైన్సు చెప్పినదాన్నే అయినా నేనూ భయపడ్డాను.

కోర్టు ముందు దస్తావేజులు రాసే ఆయనకు ఆ షరతు చెబితే, ఇది చెల్లదన్నాడు. చెల్లకపోయినా బెదిరించడానికి పనికొస్తుందన్నాను. ఆయన తన భాషలోకి తిప్పాడు: "ఇట్టి ఇంటియందు నివసించు వారిలో ఎవరికేని ప్రాణాపాయము కలిగినచో ఇరువది నాలుగు గంటలలో ఇల్లు ఖాళీ చేయగలవారము."

ఆ కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టినవాళ్లలో ఒక నేత కుటుంబం ఉంది. అతను తన ఊళ్లో సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. పని దొరకడం తగ్గాక ఇక్కడ చీరల దుకాణంలో చేరాడు. భార్య, తల్లి, అతను, అంతే. తల్లి గడప మీద కూర్చుని నా రాకపోకలన్నీ చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు.

వానాకాలంలో ఆమె మంచాన పడింది. కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రివాళ్లు. ఆమెను ముందుగదిలో పడుకోబెట్టారో లేదో, నేను కాగితం పట్టుకుని కిందికి దిగాను. కొడుకు చేతులు జోడించి, రెండు మూడు రోజుల మాటే అన్నాడు. ఆ రెండు మూడు రోజుల్లో ఆమె నా ఇంట్లో పోకూడదనే నేను దిగాను. కోడలు నా వైపు చూడను కూడా లేదు. పదమూడో షరతు పైకి చదివాను, తరగతిలో చదివినంత స్పష్టంగా.

ముసలామె కళ్లు తెరిచింది.

"గా కాయిదంల నా పేరున్నదా బిడ్డా?"

లేదన్నాను.

"నా ఏలుముద్ర?"

అదీ లేదన్నాను.

"మరి నేనెప్పుడు ఒప్పుకున్న?"

ముప్పై ఏళ్లలో ఏ పిల్లా నన్ను అట్లా నిలబెట్టలేదు. ఒళ్లు మండింది. ఆమె అడిగింది న్యాయమేనని తెలిసి ఇంకా మండింది. కొడుకు సంతకం చాలు, రేపు పొద్దుటికి ఖాళీ కావాలి అనేసి పైకి వచ్చేశాను.

మరునాడు ట్రాలీ ఆటోలో పరుపు వేసి, ఆమెను చొప్పదండి అవతల ఒక ఊళ్లో చుట్టాల కొట్టానికి తీసుకుపోయారు. వాళ్లు కూడా ఇంట్లోకి రానివ్వలేదట, పశువులను ఒక పక్కకు కట్టి చోటిచ్చారట. ఆటో కదిలేటప్పుడు వాన పడుతోంది. కోడలు ఆమె మీద ప్లాస్టిక్ పట్టా పట్టుకుని కూర్చుంది. నేను మిద్దె మీద నుంచి చూశాను. అప్పుడు జాలి కలగలేదు, గండం గడిచిందనుకున్నాను. తర్వాత నాలుగు రోజులకు ఆమె ఆ కొట్టంలోనే పోయింది.

దినాలయ్యాక కొడుకు గుండుతో తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు. ఇల్లు కడిగించాడు, వాకిట్లో ముగ్గు కూడా వేయించాడు. తిడతాడేమోనని నేను జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. అతను తిట్టలేదు. జేబులోంచి తెల్లకాగితం తీసి, మడత విప్పి నా ముందు పెట్టాడు.

"కొత్త ఇల్లు చూసుకున్నం టీచర్. మా అవ్వ ఏడ సచ్చిపోయిందని ఆ ఇల్లుగలోళ్లు అడుగుతున్నరు. కిరాయి ఇంట్ల సావలేదని మీరు రాసిస్తెనే తాళం ఇస్తరట."

ఏం రాయాలో అతనే చెప్పాడు. అతను చెబుతుంటే నేను రాశాను. ఈమె మా ఇంట్లో చనిపోలేదు, ముందురోజే మా ఇల్లు విడిచి వెళ్లింది అన్నచోట అతనే ఆగి, ముందురోజు కాదు, నాలుగు రోజుల ముందు అని దిద్దించాడు. దిద్దాను. ఆ కాగితంలో అబద్ధం ఒక్క ముక్క లేదు. నా జీవితంలో అంత సిగ్గుతో మరే కాగితం మీదా సంతకం పెట్టలేదు.