ఎడమ వైపు ఇండికేటర్

ఇది రాయడం ఎందుకులే అనుకుని చాలాసార్లు కాగితం పక్కన పెట్టేశాను. రాయమని నన్నెవరూ అడగలేదు. పోయిన మనిషికి తెలుగు చదవడం రాదు. ఆయన భార్యకు, అంటే మా అక్కకు, రాదు. వాళ్ళ కూతురు తమిళంలో చదువుకుంది. మా ఇళ్ళలో తెలుగు నోట్లోనే ఉంటుంది, కాగితం మీదికి దిగదు. నేను నేర్చుకున్నది కూడా బడిలో కాదు. వేలూరు బస్టాండులో చిత్తూరు, తిరుపతి బస్సుల నుదుటి మీద రాసిన పేర్లు చూసి, కండక్టరు అరుపులతో సరిపోల్చుకుని నేర్చుకున్నాను. ఇప్పటికీ ‘చ’ రాస్తే నాకు డీజిల్ వాసన తగులుతుంది. సరే, అది వేరే కథ.

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే మా మేనకోడలు గుడియాత్తం నుంచి ఫోన్ చేసింది.

“మామా, నాయన లేయలేదు.”

“లేయకపోతే పడుకోనీమ్మా. ఇంకా సరిగా తెల్లారనే లేదు కదా.”

“అది కాదు మామా, ఒళ్ళు చల్లగా ఉండాది.”

మా బావ నిద్రలోనే పోయాడు. వచ్చినవాళ్ళందరూ అదృష్టవంతుడన్నారు. నాకైతే కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. పక్క సందులోకి తిరగాలన్నా ఊరందరికీ చెప్పి తిరిగే మనిషి ఇలా చేయవచ్చునా?

ఆయనది గుడియాత్తంలో లుంగీల వ్యాపారం. మగ్గాలవాళ్ళ దగ్గర కొని, మూట కట్టి, మోటార్ సైకిల్ వెనక వేసుకుని వేలూరు అంగళ్ళకు తెచ్చేవాడు. వ్యాపారం మానేశాక మూట పోయింది గాని ప్రయాణం పోలేదు. శుక్రవారం వచ్చిందంటే మా ఇంటి ముందు ఆ బండి చప్పుడు వినిపించాల్సిందే. కాఫీ తాగేవాడు. బాగాలేదనేవాడు. ఇంకొకటి తాగేవాడు.

ఆ బండికి ఇండికేటర్లు ఉండేవి కావు. కంపెనీ ఇచ్చినవి ఎప్పుడో మూటల కింద నలిగి విరిగిపోయాయి. మళ్ళీ వేయించుకోలేదు. “చేయి ఉండగా లైటెందుకప్పా?” అనేవాడు. కుడికి తిరగాలంటే కుడిచేయి భుజం ఎత్తున చాపి, అరచేయి తెరిచి, పెళ్ళివారిని లోపలికి రమ్మన్నట్టు పట్టేవాడు. ఎడమకైతే అదే చేతిని తల మీదుగా హారతి పట్టినట్టు తిప్పేవాడు. ఆగాలంటే గాలిని జోకొట్టేవాడు. ఇందులో చిక్కేమిటంటే, మోటార్ సైకిల్‌కు వేగం ఇచ్చేది కుడిచేయే. ఆ చేయి తీయగానే బండి నడిరోడ్డు మీద నీరుగారిపోయేది. వెనకవాళ్ళు హారన్లు కొట్టి, తిట్టి, పక్కనుంచి దూసుకుపోయేవాళ్ళు. ఆయన సిగ్నల్ చూసి ఆగిన బండిని నేను నా జన్మలో చూడలేదు.

“వెనక వచ్చేవాడికి మన మనసు తెలీదు. మనమే చెప్పల్ల,” అనేవాడు.

“చెప్తే వినేవాడెవడు బావా?”

“వినేది వాడి పని. చెప్పేది మన పని.”

పోయిన ఏడాది స్నానాల గదిలో జారిపడ్డాడు. ఎముక విరగలేదు గాని కుడిభుజం పట్టేసింది. చేయి హ్యాండిల్ దాకా వస్తుంది, ఆపైకి లేవదు. అయినా బండెక్కాడు. విరించిపురం దగ్గర టీ తాగుదామని రోడ్డు దిగబోయాడు, చేయి లేపబోయాడు, లేవలేదు. వెనక వస్తున్న బస్సు రాసుకుంటూ పోయింది. ఆయనకేమీ కాలేదు. ఎవరో తెలిసినవాళ్ళు చూసి ఇంటికి ముందే కబురు చేశారు. సాయంత్రం ఇంటికి చేరేసరికి కూతురు గడపలో నిలబడి ఉంది.

“తాళం ఇయ్యి నాయనా.”

“యాడికి పోవల్ల నువ్వు?”

“నేను యాడికీ పోను. నువ్వూ పోవు. ఇండికేటర్ లేకుండా ఈ బండి గేటు దాటకూడదు. వెలిగేది నా కండ్లతో చూసినాకే తాళం.”

బావకు కూతురంటే భయం. ఆమెకు మా అక్క అంటే భయం. మా అక్కకు ఎవరన్నా భయం లేదు. కాబట్టి ఈ తీర్పుకు అప్పీలు లేకపోయింది.

మరుసటి వారం బస్సులో వేలూరు వచ్చి, నాకు చెప్పకుండా స్పేర్ పార్టుల అంగడికి పోయి, కుర్రకారు బిగించుకునే బాణం ఆకారం ఎల్ఈడీ ఇండికేటర్లు కొనుక్కుని మా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం అన్నం తింటూ అన్నాడు: “ఆదివారం వచ్చేయ్ బామ్మర్దీ. మన బండికి మనమే బిగిస్తాం.”

నాకు వైరింగ్ కొంచెం వచ్చు. పాత పుస్తకాల అంగట్లో అట్టలేని రేడియో రిపేరు పుస్తకం దొరికితే, దాన్ని చదివి మా వీధిలో మూడు నాలుగు రేడియోలను శాశ్వతంగా మూగబోయేలా చేశాను. ఆ ధైర్యంతోనే పోయాను.

ఆ ఇండికేటర్ పద్ధతి చెప్తాను, లేకపోతే నా అవస్థ మీకు తెలియదు. ఒక్కోదానికి ఒక్క వైరే ఉంటుంది. దాన్ని స్విచ్‌కు కలపాలి. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి, దాన్ని బిగించే బోల్టు గుండా బండి ఇనుములోకి పోతుంది. సులువే. బ్యాటరీ దగ్గర పట్టుకుని చూస్తే నాలుగూ వెలిగాయి. బండికి బిగిస్తే ఒక్కటీ వెలగలేదు. విప్పి చూస్తే వెలిగింది. బిగిస్తే ఆరింది. ఆ ఆదివారం అలాగే పోయింది. తరువాతి ఆదివారమూ పోయింది. బావ పక్కన పీట వేసుకుని కూర్చుని, “కొంచెం ప్రేమగా బిగించప్పా,” అంటూ సలహాలిచ్చాడు. లోపల్నుంచి మా అక్క గొంతు:

“మెకానిక్ వీధి చివర్లోనే ఉండాడు. వాడికీ రెండు చేతులుండాయి. అవి పని చేస్తాయి కూడా.”

“నువ్వు వంట చూడు,” అన్నాడు బావ.

“వంట అయ్యింది, పాసిపోయింది కూడా. మీదే ఇంకా అవలేదు.”

చివరికి విసుగులో నా చేతిలో స్పానరు జారి ఫ్రేము మీద గీసుకుంది. రంగు పెచ్చు లేచింది. ఎరుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద వెన్నరంగు, ఇంకా కిందికి పోతే ఎక్కడో తెల్లగా ఇనుము. ఇండికేటర్ బోల్టును ఊరికే అక్కడ ఆనించాను. టక్కున వెలిగింది.

దొంగ దొరికాడు. బావ ఏటా ఆయుధ పూజకు ముందు కిటికీలకూ గేటుకూ రంగు వేసేవాడు. మిగిలిన రంగు బండికి పూసేవాడు. గేటు రంగే బండి రంగు. ఎన్నేళ్ళుగానో పొర మీద పొర పడి ఆ బండి లావెక్కింది. బోల్టు రంగును పట్టుకుంటోంది గాని ఇనుమును తాకడం లేదు. పోయే దారి లేక కరెంటు అక్కడే నిలిచిపోయింది.

నేను సంతోషంగా తలెత్తి చూస్తే, బావ వెలిగిన లైటును చూడటం లేదు. గీతను చూస్తున్నాడు.

“ఏం చేస్తివప్పా!”

“నాలుగు చోట్ల ఇట్లా గోకితే చాలు బావా. పని అయిపోతుంది.”

“పూజ చేసిన ఒళ్ళు ఇది. ఏటేటా పసుపు కుంకుమ పెట్టినాను. నిమ్మకాయ తొక్కించినాను. గోకేదా?”

“ఒళ్ళు కాదు బావా, ఇనుము.”

“నీ కంటికి.”

స్పానరు కింద పడేసి, చేతులు కూడా కడుక్కోకుండా బస్సెక్కి వేలూరు వచ్చేశాను. దారంతా తిట్టుకున్నాను. పక్క సీటాయన నా చేతుల మసి చూసి, నన్ను మెకానిక్ అనుకుని, తన స్కూటర్ ఎందుకు స్టార్ట్ కావడం లేదో పళ్ళికొండ దాకా చెప్పాడు. ఇక ఆ బండి మొహం చూడకూడదనుకున్నాను.

మూడు రోజులకు మేనకోడలు ఫోన్ చేసింది. “మామా, నువ్వు కోపంగా ఉండావని తెలుసు. నాయన రోజూ పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, గేటు లోపల ఆ బండి మీద కూర్చుంటాండాడు. తాళం లేదు కదా, ఊరికే కూర్చుంటాడు. టిఫిన్‌కు పిలిస్తే దిగుతాడు. మళ్ళీ ఎక్కుతాడు.”

“నువ్వే తాళం ఇచ్చేయరాదా అమ్మా?”

“ఆ బస్సు గుర్తొస్తాది మామా.”

ఆదివారం దాకా ఆగలేదు నేను. గోకకుండా పని జరగాలంటే ఒకటే దారి, నాలుగు బోల్టుల నుంచీ నాలుగు వేరే వైర్లు బ్యాటరీ దాకా లాగడం. లాగాను. లైట్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్‌కు ఇవి ఆనలేదు, దడదడా కొట్టుకుంటుంటే వీటికి సరిపడేది కొత్తది తెచ్చి వేశాను. అప్పుడు బావ ఇంకో మెలిక పెట్టాడు. ఎట్లాగూ బ్యాటరీ దాకా పోయావు కదా, స్విచ్‌కు కరెంటు తెచ్చే వైరును కూడా నేరుగా బ్యాటరీకే కలిపేయమన్నాడు.

“అప్పుడు తాళం తీసేసినా వెలుగుతానే ఉంటుంది బావా.”

“ఉండనీ. రోడ్డు పక్కన బండి నిలిపినాననుకో. వెనక వచ్చేవాడికి తెలియల్ల కదా?”

వాదించే ఓపిక నాకు లేదు. కలిపేశాను.

పరీక్షకు మేనకోడలు వచ్చి బండి చుట్టూ తిరిగింది. బావ గంభీరంగా ఎడమ స్విచ్ నొక్కాడు. ముందు ఎడమది వెలిగింది. వెనక కుడిది వెలిగింది.

“ఏం నాయనా, ఎదురొచ్చేవాడికొకటి, వెనకొచ్చేవాడికొకటి చెప్తాండావే! ఎలక్షన్లో నిలబడతావా?”

ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అందరం నవ్వాం. మా అక్క వంటింట్లోంచి బయటికి వచ్చి మరీ నవ్వింది. వైర్లు మార్చాను. తాళం ఆయన చేతికి వచ్చింది. కొత్త లైట్లకు చందనం, కుంకుమ పెట్టబోతే, అద్దం మీద పెట్టవద్దని నేను అడ్డుపడ్డాను. కింద పెట్టాడు.

అక్కడితో నా కష్టాలు తీరాయనుకుంటే పొరపాటు. ఆయనకు ఇండికేటర్ వేయడం వచ్చింది గాని, ఆపడం రాలేదు. ఆ శుక్రవారం పళ్ళికొండ దగ్గర వేసిన ఎడమ ఇండికేటర్ వేలూరులో మా ఇంటి ముందు కూడా కొట్టుకుంటూనే ఉంది. తిరిగి పోయేటప్పుడూ అంతే. అరిచాను, బతిమాలాను, స్విచ్ మీద ఎర్ర టేపు అంటించాను.

“అంత దూరం ఎడమకు తిరుగుతా అని చెప్పుకుంటా వస్తే జనం ఏమనుకుంటారు బావా?”

“ఎట్లాగూ చివర్లో ఎడమకే కదప్పా తిరిగేది,” అన్నాడు. వాళ్ళ సందు ఎడమ చేతి వైపు.

ఆఖరి శుక్రవారం కూడా వచ్చాడు. కాఫీ తాగాడు, బాగాలేదన్నాడు, ఇంకొకటి తాగాడు. గేటు దగ్గర నేను, “ఇంటికి పోయినాక అయినా దాన్ని ఆపు బావా,” అన్నాను. “చూస్తాం,” అన్నాడు. వీధి మలుపులో ఆ నారింజరంగు బాణం కాసేపు కనిపించింది.

మరునాడు నేను గుడియాత్తం చేరేసరికి ఇంటి నిండా జనం. నేరుగా లోపలికి పోయి అక్క పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవడం లేదు. “కాఫీ తాగినాడా నిన్న?” అని అడిగింది. రెండు తాగినాడని చెప్పాను.

మధ్యాహ్నం బావను తీసుకుపోవడానికి పూలు కట్టిన బండి రావాలి. వచ్చిందన్నారు, ఎంతకీ ఇంటి ముందుకు రాలేదు. చూద్దామని బయటికి వెళ్ళాను. సందు మొదట్లో రోడ్డు పక్కన, ముందు రోజు సాయంత్రం బావ నిలిపిన చోటే మోటార్ సైకిల్ ఉంది. గేటు ముందు ఎవరో ఇటుకలు దించారు, అందుకని అక్కడే నిలిపినట్టున్నాడు. ఎడమ వైపు బాణం వెలుగుతూ ఆరుతూ ఉంది, వెలుగు కాస్త నీరసించింది. పూలబండి దాని వెనకే ఆగి ఉంది. డ్రైవరు హారన్ కూడా కొట్టలేదు.

“ఎందుకప్పా ఆగినావు?” అని అడిగాను.

“లైటు వేసి ఉండాదే సార్. ఎవరో వచ్చి తీస్తారు, తిరగనీ అని నిలిపినాను,” అన్నాడు తమిళంలో.

నేను పోయి స్విచ్ ఆపాను. బండిని గోడవారకు నెట్టాను. డ్రైవరు కిటికీలోంచి చేయి చాపి, ఎడమకు తిరిగి సందులోకి వచ్చాడు.